గాయాల కన్నా ముందు చూడాల్సింది

కృష్ణా జిల్లా గన్నవరం దగ్గరి పెదఅవుటపల్లిలో బ్రదర్ జోసఫ్ తంబి సమాధి ఉంది. తమిళనేల నుంచి వచ్చిన ఆయన 1945 జనవరి 15న ఆ ఊళ్లోనే కన్నుమూశారు. ఏటా సంక్రాంతి రోజుల్లో జరిగే ఉత్సవానికి క్రైస్తవేతరులూ తరలివస్తారు. సిలువపై క్రీస్తు పొందిన పంచగాయాలు తంబి ఒంటి మీద కనిపించేవని భక్తుల నమ్మకం. కథోలిక సభ ఆయన్ను ‘దైవసేవకుడు’గా గుర్తించింది. పునీతుడి హోదాకు ఇది తొలి మెట్టు మాత్రమే.

జనం గాయాల గురించే ఎక్కువగా చెప్పుకుంటారు. పని చేసుకుని బతికేవారికి పనికొచ్చేది మాత్రం వేరే చోట ఉంది. తంబి చర్చిలో పూజ జరిపే గురువు కాదు, ఫ్రాన్సిస్కన్ మూడవ సభకు చెందినవారు. అస్సీసి ఫ్రాన్సిస్ బాటలో మొదటి సభ సన్యాసులది, రెండవది మఠవాసినులది. మూడవది ఇల్లూ వృత్తీ వదలలేని వారి కోసం 13వ శతాబ్దపు ఇటలీలో పుట్టింది.

1221 నాటి దాని నియమావళి ఆశ్చర్యపరిచేంత లౌకికంగా ఉంటుంది. సభలో చేరాలంటే ముందు అప్పులు తీర్చాలి, అన్యాయంగా పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి, ఇరుగుపొరుగుతో తగవులుంటే రాజీపడాలి. ఆయుధం పట్టకూడదు. చేరిన మూడు నెలల్లో వీలునామా రాయాలి. నెలనెలా ఒక నాణెం వేస్తే, ఆ సొమ్ము పేద సభ్యులకూ జబ్బుపడిన వారికీ అందుతుంది. తూకంలో మోసం చేస్తూ జపమాల తిప్పే వీలును ఈ నిబంధనలు మొదట్లోనే మూసేశాయి.

భోజనం మీద ఆంక్షలున్నా, ఒళ్లు వంచి కష్టపడేవారు ఈస్టర్ తర్వాతి నెలల్లో రోజుకు మూడు పూటలా తినవచ్చని అందులోనే రాశారు. రంజాన్‌లో రోజా ఉంటూనే లాడ్‌బజార్‌లో కుంపటి ముందు లక్క గాజులు చేసే పాతబస్తీ పనివారికి ఆ సడలింపు విలువ విడమరచి చెప్పనక్కర్లేదు. భక్తికి కొలత ఆకలి ఒక్కటే కాదని ఆ నియమం రాసినవారు గ్రహించారు.

తంబి తాను అడిగి తెచ్చిన అన్నాన్ని పేదలకు పెట్టేవారని పెదఅవుటపల్లి భక్తులు చెబుతారు. ఆయన చేరిన ఈ మూడవ సభ నేడు సెక్యులర్ ఫ్రాన్సిస్కన్ సభ పేరుతో కొనసాగుతోంది. 1978లో ఆరవ పౌలు పోపు ఆమోదించిన కొత్త నియమావళి పనిని దేవుడిచ్చిన వరంగా, తోటివారికి చేసే సేవగా చూడమని సభ్యులను కోరుతుంది.