చేయి తగలని వేలము

నర్సీపట్నము ప్రాంతపు రైతు చెరకు గానుగ ఆడించి, బెల్లము వండి, దిమ్మలను అనకాపల్లి మార్కెట్టునకు చేర్చును. అచ్చట దిమ్మలు వరుసలుగా పేర్చబడి యుండును. కొనువాడు రంగు చూచును, గట్టిదనము చూచును, ఒక పలుకు తీసి నోట వేసికొనును. ఆ పిమ్మటనే పాట మొదలగును. అమ్మువాడు, కొనువాడు ఎదురెదురుగా నుందురు. సరకు ఇరువురి నడుమ నుండును. వేలము పాట అనగానే మన మనస్సునకు తోచు చిత్రమిది.

ఇప్పుడు మనము వేరొక వేలమును గూర్చి చెప్పుకొందము. దీనికి యార్డు లేదు. ఒకటోసారి, రెండోసారి అని కేకవేయువాడు లేడు. అరచేతిలోని ఫోనుపై ఒక పాతకాలపు స్పోర్ట్సు కారు బొమ్మ కనబడును. దాని క్రింద ఒక అంకె, ఆ ప్రక్కన క్షణక్షణము తరుగుచున్న గడువు. నర్సీపట్నము అబీద్ సెంటరులో టీ త్రాగుచున్న మనిషి ముంబయిలో నున్న కారునకు పాట పెట్టవచ్చును. కాని దానిని ముట్టి చూడలేడు. అనగా ఈ వేలమున మనము మొదట కొనునది కారును కాదు, కారును గూర్చి అమ్మువాడు చెప్పిన మాటను. ఈ ఒక్క సంగతి గ్రహించినచో తక్కిన జాగ్రత్తలన్నియు వాటంతట అవే బోధపడును.

స్పోర్ట్సు కారు అనగా ఇంటిల్లిపాదిని మోయుటకు గాక, నడుపువాని సంతోషము కొరకు చేసిన బండి. సాధారణముగా రెండే కుర్చీలు, తక్కువ ఎత్తు, తక్కువ బరువు, చురుకైన ఇంజను దీని లక్షణములు. ఇంగ్లండులో 1945 లో వెలువడిన ఎం.జి. టి.సి., 1961 లో జెనీవాలో తొలిసారి ప్రదర్శింపబడిన జాగ్వారు ఇ-టైపు ఈ జాతిలో పేరు పొందినవి. ఆంగ్లదేశపు ఔత్సాహికులు వింటేజి అను మాటను 1919 మొదలు 1930 వరకు తయారైన కార్లకే వాడుదురు. మన దేశమున 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటినుండి ఏబది యేండ్లు దాటి, అసలు రూపు చెడని సొంత వాహనము వింటేజి వాహనమగును.

ఈ కార్లు మనకు బొత్తిగా పరాయివి కావు. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుండి 1971 వరకు హెరాల్డు కార్లను తయారుచేసినది. ఇంగ్లండులో అదే హెరాల్డు చట్రమును పొట్టిచేసి, 1962 లో ట్రయంఫ్ స్పిట్‌ఫైరు అను స్పోర్ట్సు కారును నిర్మించిరి. కనుక మన యెరుకలోని ఏ షెడ్డులోనైనను దుమ్ము పట్టియున్న హెరాల్డునకు, వేలములో మెరయుచున్న స్పిట్‌ఫైరునకు చుట్టరికము కలదు.

పాత కారునకు ధర యెక్కడిది? ప్రయాణమునకు క్రొత్త కారే మేలు. పాతదాని విలువ మూడింటి వలన ఏర్పడును: అటువంటివి ఎన్ని మిగిలినవి, అసలు భాగములెన్ని నిలిచినవి, దాని చరిత్రకు రుజువేమి. 1955 లో మెర్సిడెస్ సంస్థ రెండింటిని మాత్రమే చేసిన 300 ఎస్.ఎల్.ఆర్. కూపే కార్లలో ఒకటి 2022 లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయినది. అది పిలిచిన కొద్దిమంది నడుమ జరిగిన వేలము. మన బోటివారి వేలములలో అంకెలు చిన్నవి. సూత్రము మాత్రము అదియే.

ఇంటర్నెట్టు వేలము 1995 లో అమెరికాలో ఆరంభమైన ఈబే వలన లోకమంతటను వ్యాపించినది. అందలి పద్ధతి తెలిసికొనదగినది. పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తమును ముందుగానే రహస్యముగా నమోదు చేయును. ఇతరుల పాటను దాటుటకు ఎంత కావలెనో అంత మాత్రమే యంత్రము పెంచును. మన హద్దు ఆరు లక్షలు, ఎదుటివాని హద్దు ఐదు లక్షలు అయినచో, కారు ఐదు లక్షలకు కొంచెము పైన మనకు దక్కును. 2014 నుండి కార్ల వేలములు నడుపుచున్న బ్రింగ్ ఎ ట్రైలర్ అను అమెరికా సంస్థలో మరియొక నియమము కలదు. చివరి రెండు నిముషములలో ఎవరైన పాట పెట్టినచో గడువు మరల రెండు నిముషములకు పెరుగును. తుది క్షణమున చొరబడి తన్నుకుపోవుట అక్కడ సాగదు. అయితే పంతము పెరుగుటకు మాత్రము కావలసినంత వ్యవధి దొరకును.

ఈ పంతమే ప్రమాదము. 1971 లో అమెరికాలోని చమురు ఇంజనీర్లు మువ్వురు తమ రంగపు వేలములను పరిశీలించి ఒక చిత్రమైన విషయము వెల్లడించిరి. ఒక వస్తువు విలువను పదిమంది తలకొక విధముగా అంచనా వేసినప్పుడు, అందరికంటె ఎక్కువగా పొరబడినవానికే ఆ వస్తువు దక్కుచుండును. దీనికి గెలిచినవాని శాపమని పేరు వచ్చినది. చూడని కారు విషయమున ఈ శాపము మరింత బలముగా తగులును. దీనికి మందు ఒక్కటే. పాట మొదలు కాకముందే కాగితముపై లెక్క వ్రాసికొనవలెను: కారు ధర, వేలము సంస్థ రుసుము, పన్ను, లారీ బాడుగ, వచ్చిన తరువాత చేయించవలసిన మరమ్మతు. ఈ మొత్తము మన శక్తిలో ఉండవలెను. వ్రాసికొన్న హద్దును గడియారము చూచి మార్చరాదు.

మన దేశమున ఈ పద్ధతి స్థిరపడుచున్నది. 1964 లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. మొదట తుక్కు ఇనుము వ్యాపారమునకు ఉద్దేశింపబడినది. నేడు ఇంటర్నెట్టు వేలములు నడుపుచున్నది. 2019 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ జప్తు చేసిన 13 కార్లను ఈ సంస్థ ద్వారా వేలము వేసిరి. వాటిలో ఒక రోల్స్ రాయిస్, ఒక పోర్షె కూడ నుండెను. అవి పాతకాలపువి కావు గాని, ఖరీదైన కార్లను సైతము ఇట్లు అమ్మవచ్చునని దేశమునకు తెలిసినది. 2020 లో ముంబయిలోని ఆస్టగురు సంస్థ వింటేజి, క్లాసిక్ కార్లకే ప్రత్యేకముగా ఇంటర్నెట్టు వేలము జరిపినది.

ఇక కొనువాడు చూడవలసినవి. మొదట చట్రముపై చెక్కిన ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రిజిస్ట్రేషను పుస్తకములోని అంకెలతో సరిపోవలెను. ఈ రెండు అంకెల ఫోటోలు పంపనివాని కారునకు పాట పెట్టరాదు. రెండవది తుప్పు. పై రంగు ఎంత మెరసినను, అడుగు రేకులను, తలుపుల క్రింది అంచులను, చట్రపు అతుకులను చూడక నమ్మరాదు. సముద్రపు గాలి తగులు ఊళ్ళలో పెరిగిన కార్ల విషయమున ఇది మరీ ముఖ్యము. మూడవది చల్లని ఇంజనును మొదటిసారి త్రిప్పునప్పటి ధ్వని, పొగ. ఇది వీడియోలో చూపించుమని కోరవలెను. నాలుగవది, ఆ ఊరనే యున్న నమ్మకమైన మెకానికును పంపి చూపించుట. బెల్లపు దిమ్మను నొక్కిన వ్రేలు ఇక్కడ ఆతని వ్రేలు. ఆతనికిచ్చు కూలి ఖర్చు కాదు, రక్షణ.

చట్టపు సంగతి మరువరాదు. సాధారణముగా సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. ఆపై ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. 2021 నిబంధనల క్రింద వింటేజి వాహనమును క్రొత్తగా నమోదు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. పునరుద్ధరణకు 5,000 రూపాయలు. క్రొత్తగా ఇచ్చు సంఖ్యలో రాష్ట్రపు అక్షరముల తరువాత వి.ఎ. అను గుర్తుండును, మునుపే రిజిస్టరైన బండి తన పాత సంఖ్యను నిలుపుకొనవచ్చును. అట్లు నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుటకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవచ్చును. నిత్యము సంతకు పోయివచ్చుటకు, బాడుగకు పనికిరాదు. యాజమాన్యపు మార్పిడికి 29, 30 నంబరు ఫారములు, పరరాష్ట్రము నుండి తెచ్చినచో నిరభ్యంతర పత్రమునకై 28 నంబరు ఫారము కావలెను.

ఇంతవరకు కొనువాని మాట. అమ్మువాని వైపునను నష్టము కలదు. ఒక కుటుంబమును ఊహింతము. తాతగారు కొన్న కారు పాకలో ముప్పది యేండ్లుగా పడియున్నది. ఇల్లు బాగు చేయించవలసి వచ్చినది. పాత ఇనుప సామాను కొనువాడు వచ్చి కిలోల లెక్కన ధర చెప్పినాడు. ఆ కారు అపురూపమైనదైనచో ఆ ఇంటివారు పోగొట్టుకొనునది కొద్ది సొమ్ము కాదు. తూకము వేయకమునుపు నంబర్లు వ్రాసికొనవలెను, తాతగారి బీరువాలోని రశీదులు, పాత ఫోటోలు వెదకవలెను. ఆయన గతించి యుండినచో 31 నంబరు ఫారముతో వారసుని పేరిట మార్పించుకొనవలెను. అందముగా కనబడునని క్రొత్త రంగు వేయించరాదు. అసలు రంగు మాసియున్నను కొనువానికి అదే రుజువు. సొట్టను, పగులును దాచక ఫోటో తీయవలెను. దోషము ముందుగా చెప్పినవాని మాటను కొనువాడు నమ్మును. నమ్మినవాడు నిర్భయముగా పాట పెంచును.

మోసగాండ్రకు ఈ బజారున కొదవ లేదు. వేలము సంస్థను ప్రక్కన పెట్టి నేరుగా బయానా పంపుమనువానిని దూరముగా నుంచవలెను. మనకు డబ్బు పంపెదనని చెప్పి ఫోనులో పిన్ కొట్టుమనువాడు దొంగ. డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. మోసపోయినచో సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

యంత్రము దూరమును తొలగించినది; నమ్మకమును మాత్రము తయారుచేయలేదు. అనకాపల్లిలో పలుకు రుచి చూచి పాట పెట్టిన మన పెద్దలు తెలివితక్కువవారు కారు. చేయి తగలని చోట, ఆ చేయి చేయవలసిన పనిని ప్రశ్నలతో, పత్రములతో, మనము వ్రాసికొన్న హద్దుతో చేయించవలెను.