‘శివ’ సైకిల్‌కి అసలు వేగం ఎంత?

కోటబొమ్మాళి ఊరి పేరు వెండితెర మీదికెక్కింది 2023 నవంబరులో. ‘కోటబొమ్మాళి పీఎస్’ సినిమాలో ముగ్గురు పోలీసులు పారిపోతుంటారు, సొంత శాఖే వాళ్లను తరుముతుంటుంది. మలయాళ ‘నాయాట్టు’ (2021)కి ఇది తెలుగు రూపం. హాల్లో చూడలేకపోయినవాళ్లు ఫోనులో చూసేశారు. ఇదే ఊళ్లో కాస్త పెద్ద వయసువాళ్లని ఛేజింగు గురించి అడిగి చూడండి. జీపులూ పోలీసులూ పక్కకుపోయి, ఒక సైకిల్ కథ మొదలవుతుంది.

‘శివ’ 1989 అక్టోబరు 5న విడుదలైంది. సైకిల్ మీద నాగార్జున, ముందు చిన్న పాప, వెనక కారులో రౌడీలు. ఆ సన్నివేశాన్ని జనం హాల్లో ఒకసారి చూస్తే, అద్దెకు తెచ్చిన వీసీఆర్‌లో పదిసార్లు చూశారు. 2025 నవంబరు 14న ఆ సినిమా 4కే బొమ్మతో, డాల్బీ అట్మాస్ శబ్దంతో మళ్లీ హాళ్లకు వచ్చింది. టేపు మీద చూసినవాళ్లకి కొత్త ప్రింటు చూస్తే ఎక్కడో తేడా కొడుతుంది. కారణం జ్ఞాపకం ఒక్కటే అనుకుంటే పొరపాటు, చాలావరకు భౌతికశాస్త్రం.

ముందు సైకిల్ సంగతి చూద్దాం. కారుకు సైకిల్ దొరక్కుండా పోవడం సినిమా మాయ అని కొట్టిపారేస్తాం గానీ, సందుల్లో అది సాధ్యమే. మలుపు తిరిగేటప్పుడు బండిని రోడ్డు మీద పట్టి ఉంచేది టైరు రాపిడి. వేగం రెట్టింపైతే తిరగడానికి కావలసిన వంపు వ్యాసార్ధం నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారుకు సుమారు 18 మీటర్ల వ్యాసార్ధం కావాలి. 20 కిలోమీటర్లతో పోయే సైకిల్‌కి నాలుగున్నర మీటర్లు చాలు. తిన్నటి రోడ్డు మీద సైకిల్ పని అయిపోయినట్టే. నాలుగు మలుపులున్న వీధిలో మాత్రం టన్ను బరువున్న కారు ప్రతి మలుపుకీ బ్రేకు వేసి, మళ్లీ వేగం పుంజుకోవాలి. అలాగని ఆ షూటింగు పిల్లలాట కాదు. పాపతో అంత ప్రమాదకరమైన షాట్లు తీసినందుకు దర్శకుడు రామ్ గోపాల్ వర్మ 2025లో, మళ్లీ విడుదలకు ముందు, ఆమెకు బహిరంగంగానే క్షమాపణ చెప్పారు.

మరి గంటకు 20 కిలోమీటర్ల సైకిల్ మనకెందుకు గుండెలు అదిరేలా కనిపిస్తుంది? కంటికి కిలోమీటర్లు తెలియవు. నేల ఎంత త్వరగా వెనక్కి జారిపోతోందో అంతే దానికి తెలుసు. ఆ జారుడు వేగం రెండిటి మీద ఆధారపడుతుంది: బండి వేగం, నేల నుంచి కెమెరా ఎత్తు. కెమెరాని నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున కట్టి 20 కిలోమీటర్లతో పోనిస్తే కింద రోడ్డు ఎంత జోరుగా జారుతుందో, మీటరున్నర ఎత్తులో పెట్టి 100 కిలోమీటర్లతో పోనిచ్చినా అంతే జోరుగా జారుతుంది. ఛేజింగుల్లో కెమెరా ఎప్పుడూ చక్రాల పక్కనే ఎందుకు పాకుతుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఇక దూరం నుంచి టెలిఫోటో కటకంతో తీస్తే 20 మీటర్ల వెనకున్న కారు కూడా మడ్‌గార్డుకి తగులుతున్నట్టే అనిపిస్తుంది.

‘శివ’లో ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాల్ రెడ్డి స్టెడీకామ్ వాడారు. అప్పటికి మన సినిమాకి అది కొత్త. అమెరికాలో గారెట్ బ్రౌన్ 1970ల్లో తయారు చేసిన పరికరం అది. కావిడి మోసేవాణ్ణి చూడండి. రెండు కొసలా బరువులుండటం వల్ల బద్ద చటుక్కున తిరగదు, అతని నడకలోని కుదుపు దాన్ని పక్కకు తిప్పలేదు. స్టెడీకామ్‌లోనూ అంతే: కడ్డీకి పైన కెమెరా, కింద బ్యాటరీ, మానిటరు, మధ్యలో అతి తేలిగ్గా తిరిగే కీలు. మోసేవాడి అడుగుల అదురుని స్ప్రింగుల చెయ్యి మింగేస్తుంది. మనిషి పరిగెత్తినా బొమ్మ తేలుతూ పోతుంది.

ఇదంతా హాలు సంగతి. ఇంటికొచ్చేసరికి కథ మారిపోతుంది.

సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. అప్పటి మన దేశపు టీవీ పద్ధతి, పాల్, 25 చూపించేది. అందుకని టేపుకి ఎక్కించేటప్పుడు 24ని 25గా నడిపించేసేవారు. రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది. సైకిలూ కారూ నాలుగు శాతం జోరుగా పోయేవి, దాంతోపాటే ఇళయరాజా నేపథ్య సంగీతం శ్రుతి స్వరస్థానంలో సుమారు ముప్పావు వంతు పైకి జరిగేది. క్యాసెట్టుతో పెరిగిన చెవికి కొత్త ప్రింటులో సంగీతం కొంచెం బరువుగా అనిపిస్తే, ఆ చెవి తప్పేమీ లేదు.

స్కోపు సినిమాలకైతే మరో కోత. వాటి వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు, పాత టీవీది 1.33 రెట్లు. తెర నిండాలంటే బొమ్మలో 43 శాతం పోవాల్సిందే. తరిమేవాడు ఈ అంచున, పారిపోయేవాడు ఆ అంచున ఉంటే టీవీలో ఒకడే మిగిలేవాడు!

“ఈ ముక్క కాడ బొమ్మ గెంతుతాది బాబూ, టేపు అరిగిపోనాది” అని క్యాసెట్లు అద్దెకిచ్చేవాళ్లు ముందే చెప్పేసేవారు. సరిగ్గా అందరూ చూడాలనుకునే చోటే ఎందుకు అరుగుతుంది? వీహెచ్ఎస్‌లో టేపు సెకనుకు రెండున్నర సెంటీమీటర్లు కూడా కదలదు. దాని మీద ఏటవాలుగా తిరిగే డ్రమ్ము మాత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. డ్రమ్ముకి టేపుని చదివే రెండు హెడ్లు. ‘పాజ్’ నొక్కితే టేపు ఆగుతుంది గానీ డ్రమ్ము ఆగదు. ఉన్న చోటనే సెకనుకు 50 సార్లు, నిమిషానికి 3000 సార్లు హెడ్డు గీరుతుంది. ఆపి చూసి, వెనక్కి తిప్పి చూసి, మళ్లీ ఆపితే అయస్కాంతపు పూత రాలక ఏం చేస్తుంది? దానికి తోడు మన కోస్తా ఉక్కపోత. తేమకి టేపు మీద తెల్లటి బూజు పట్టేది, ఆ బూజు హెడ్లకు ఎక్కి తరవాత పెట్టే క్యాసెట్టునీ పాడుచేసేది.

ఇలా ఆపి చూడటం వల్లే హాల్లో దాగిన గుట్లూ బయటపడ్డాయి. ఛేజింగులకు తాతలాంటి ‘బుల్లిట్’ (1968)లో శాన్‌ఫ్రాన్సిస్కో కొండ వీధుల్లో ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్‌ని కార్లు మళ్లీ మళ్లీ దాటుతాయి. విలన్ల కారుకి ఉన్నవి నాలుగు చక్రాలే, ఊడిపోయిన చక్రాల మూతలు మాత్రం అంతకంటే ఎక్కువ. అయినా దాని ఎడిటర్ ఫ్రాంక్ కెల్లర్‌కి ఆస్కారు వచ్చింది, నా లెక్కన న్యాయంగానే వచ్చింది.

తెర పరిమాణం ఇంకో ముఖ్య విషయం. వేగాన్ని గట్టిగా పసిగట్టేవి చూపు అంచులు. హాల్లో మధ్య వరుసలో కూర్చుంటే తెర సుమారు 40 డిగ్రీల మేర పరుచుకుంటుంది. 21 అంగుళాల టీవీని మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే 8 డిగ్రీలే. ముఖానికి దగ్గరగా అడ్డం తిప్పి పట్టుకున్న ఫోను 20 డిగ్రీలు దాటుతుంది! ఆ పాత టీవీ కన్నా ఫోనే నయమన్నమాట. కాకపోతే సిగ్నలు తగ్గినప్పుడు ముందుగా చెడేది ఛేజింగే. వీడియో కుదింపు అంతా ‘ముందు ఫ్రేములో ఉన్నదే ఇక్కడా ఉంది’ అన్న లెక్క మీద నడుస్తుంది. దుమ్ము, ఆకులు, అదిరే కెమెరా ఉన్నచోట ఏదీ ముందులా ఉండదు, బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది.

కొత్త టీవీల్లో ఇంకో తంటా ఉంది. 24 ఫ్రేముల మధ్య లేని ఫ్రేముల్ని టీవీయే ఊహించి అల్లేస్తుంది. దాంతో 1989 నాటి సైకిల్ ఛేజింగు నిన్న తీసిన పెళ్లి వీడియోలా నున్నగా తయారవుతుంది. కంపెనీని బట్టి దాన్ని ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని పిలుస్తారు. ‘శివ’ పెట్టే ముందు సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. ‘ఫిల్మ్ మేకర్ మోడ్’ ఉంటే అది పెట్టండి. వీలైనంత దగ్గరగా కూర్చుని చూడండి.