పరిశోధక విద్యార్థికి దారిచూపే ఆచార్యుని గుర్తించుట ఎట్లు?

1950 దశకం చివరి సంవత్సరాలలో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నలుగురు యువకులు డాక్టరేటు కోసం కృషి చేస్తూ ఉండేవారు. వారు వి.ఎస్. వరదరాజన్, ఆర్. రంగారావు, కె.ఆర్. పార్థసారథి, ఎస్.ఆర్.ఎస్. వరదన్. వీరిలో ముగ్గురు మద్రాసులో పట్టభద్రులై వెళ్ళినవారు. నలుగురికీ పర్యవేక్షకులు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ సంస్థలో చేరిన తెలుగువారు సి.ఆర్. రావుగారు.

రావుగారి స్వంత రంగం గణాంకశాస్త్రం. శిష్యుల మనస్సు మాత్రం శుద్ధగణితానికి సమీపమైన సంభావ్యతా సిద్ధాంతం మీదికి పోయింది. వరదన్ గణాంకశాస్త్రం అభ్యసించాలనే వచ్చి, తోటి విద్యార్థుల సాహచర్యంలో ఆ వైపు మళ్ళారు. తన పరిశోధనలో మిగిలిన పనిని శిష్యులచేత పూర్తిచేయించుకొనే ఆచార్యులు ఏ దేశంలోనైనా ఉంటారు. రావుగారు అలా చేయలేదు. శిష్యులను వారు ఎంచుకొన్న దారిన పోనిచ్చారు. 1962లో కలకత్తా వచ్చిన సోవియట్ గణితవేత్త కొల్మొగొరోవ్ వరదన్ సిద్ధాంత వ్యాసానికి ఒక పరీక్షకులు. ఆ శాస్త్రానికి ఆధునికమైన పునాది వేసినవారే ఆయన! వరదన్‌కు 2007లో ఆబెల్ బహుమతి లభించింది. పార్థసారథి క్వాంటం సంభావ్యతలోనూ, వరదరాజన్ సమూహాల సిద్ధాంతంలోనూ పేరు పొందారు.

ఇటువంటి మార్గదర్శకత్వాన్ని విశ్వవిద్యాలయం ఏ కొలతతో కొలవాలి? విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో వెలువరించిన నియమావళి, అధ్యాపకుని పరిశోధనాంకాలలో డాక్టరేటు పొందిన ఒక్కొక్క విద్యార్థికి 10, సమర్పించిన ఒక్కొక్క సిద్ధాంత వ్యాసానికి 5 అంకాలు కేటాయించింది. 2022 నాటి నిబంధనలు ఒక ఆచార్యుని వద్ద ఏకకాలంలో ఎనిమిది మంది, సహ ఆచార్యుని వద్ద ఆరుగురు, సహాయ ఆచార్యుని వద్ద నలుగురు మాత్రమే ఉండవచ్చునని పరిమితి విధించాయి. పరిమితి మంచిదే, ఒక్కొక్కరికి కొంత కాలమైనా దక్కుతుంది. కాని రాసి ఇచ్చిన అధ్యాయాన్ని ఆచార్యుడు వారంలో చదివాడో, ఆరునెలలు బల్లమీద ఉంచాడో ఈ అంకెలు చెప్పవు. ప్రయోగం విఫలమైన రోజున ధైర్యం చెప్పాడో, ముఖం చాటేశాడో అసలే చెప్పవు.

ఈ సంగతులు తెలిసినవాడు విద్యార్థి ఒక్కడే. అందుచేతనే ‘నేచర్’ పత్రిక 2005లో ప్రారంభించిన మార్గదర్శక పురస్కారాలలో, అభ్యర్థి వద్ద వేర్వేరు కాలాలలో శిక్షణ పొందినవారి సాక్ష్యానికి ప్రాధాన్యమిచ్చారు. మన విశ్వవిద్యాలయాలు ఉత్తమ పర్యవేక్షకులను సన్మానించదలిస్తే ఈ పద్ధతి అనుసరణీయం. ప్రచురణల జాబితా చూసి శాలువా కప్పడం దీనికి సాటి రాదు. పరిశోధనకు సన్మానం వేరే ఉన్నది. రావుగారికే 102 ఏండ్ల వయస్సులో, 2023లో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి లభించింది. అది 1945లో ఆయన ప్రచురించిన వ్యాసానికి.

అయితే విద్యార్థిని అడగడంలో ఒక చిక్కు ఉన్నది. సంతకం కోసం, సిఫారసు ఉత్తరం కోసం ఆచార్యుని మీద ఆధారపడినవాడు ఎంత స్వేచ్ఛగా మాట్లాడగలడు? పట్టా చేతికి వచ్చి, ఉద్యోగంలో కుదురుకొన్న మూడు నాలుగేండ్ల తరువాత అడిగితే, ఆ మాట గోప్యంగా ఉంటుందన్న హామీ ఇస్తే, నిజం కొంతైనా బయటపడుతుంది. పొరుగు రాష్ట్రం నుండి వచ్చి, భాష తెలియక, హాస్టలు గదిలో ఒంటరిగా గడిపిన విద్యార్థిని ప్రత్యేకంగా అడగాలి. ఆచార్యుని ఆదరణ విలువ అతనికి బాగా తెలుస్తుంది.

ఇంకొక వర్గం ఉన్నది. వారు మధ్యలో చదువు మానివేసినవారు. ఏ సన్మాన సభకూ వారిని పిలవరు, ఏ ప్రశ్నపత్రమూ వారికి చేరదు. ఒక ఆచార్యుని వద్ద పదిమంది చేరి నలుగురే పూర్తిచేస్తే, మిగిలిన ఆరుగురు ఏమైనారో, ఎందుకు వెళ్ళిపోయారో ఎంపిక సంఘం ముందుగా తెలుసుకోవాలి. వారి చిరునామాలు ప్రవేశపు దరఖాస్తులలో ఉండనే ఉంటాయి.