చేతులు మారిన పాటలు

1976లో లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమస్తా తనకు నచ్చిన పంక్ సంగీతం గురించి సొంతంగా టైపు కొట్టి, కాపీలు తీసి పంచాడు. ఆ కాగితాల పేరు 'స్నిఫిన్ గ్లూ'. సంపాదకుడూ పెట్టుబడీ అవసరం లేని ఇలాంటి పత్రికలనే ఫ్యాన్‌జైన్లు అన్నారు. యాభై ఏళ్లవుతున్నా వాటి కోసం వెతికేవాళ్లున్నారు. ఎందుకని?

జవాబుకు లండన్ దాకా వెళ్లక్కర్లేదు. వరంగల్లోనే 1966లో 'సృజన' అనే సాహిత్య పత్రిక మొదలైంది. దాన్ని నడిపిన కవి వరవరరావు జైల్లో ఉన్నప్పుడు ఆయన భార్య హేమలత ఆ పత్రిక బాధ్యత మోశారు. 'సృజన'కు ముందు ఏడాదే హైదరాబాద్‌లో దిగంబర కవులు తమ తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. సంగీతం వేరు, రాజకీయం వేరు. కానీ పెద్ద పత్రికలు వేయనిది మనమే వేసుకుందామన్న పట్టుదల ఒకటే.

అచ్చుకు డబ్బుల్లేని చోట సైక్లోస్టైల్ ఉండేది. మైనం పూసిన స్టెన్సిల్ కాగితాన్ని టైపురైటర్‌కు ఎక్కించి, రిబ్బన్ తప్పించి కొడితే అక్షరం పడ్డచోట మైనం తొలగేది. తెలుగు టైపురైటర్ అందరికీ దొరికేది కాదు కనుక చాలామంది మొనదేలిన ఇనుప కలంతో చేత్తోనే రాసేవారు. గట్టిగా నొక్కితే కాగితం చిరిగేది, మెత్తగా రాస్తే సిరా దిగేది కాదు. స్టెన్సిల్‌ను యంత్రానికి తగిలించి పిడి తిప్పితే ఒక్కో కాగితం బయటికొచ్చేది. చేతులకంటిన సిరా సబ్బుకు ఓ పట్టాన పోయేది కాదు.

పాటదీ అదే దారి. 1972లో విప్లవ గీతాలు పాడే జననాట్య మండలి పుట్టింది. దాని గాయకుడు గద్దర్ గొంతు క్యాసెట్లలో ఊళ్లు తిరిగింది. ఒక టేపు నుంచి ఇంకో టేపుకు ఎక్కించిన ప్రతిసారీ గరగర పెరిగేది, అయినా జనం విన్నారు. సభల దగ్గర కొన్న చిన్న పాటల పుస్తకం చూసి చరణాలు నేర్చుకున్నారు.

ఈ జ్ఞాపకాల బలం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ కాగితం మీకెవరిచ్చారో మీకు తెలుసు. చదివాక ఎవరికివ్వాలో కూడా తెలుసు. ఫోన్‌లో వేల పాటలున్న మనిషికి ఈ రెండూ తెలియవు.

అయితే సిరా వాసన మాత్రమే గుర్తుంచుకుంటే అన్యాయం. లండన్ కుర్రాడు తన కాగితాల కోసం జైలుకు పోలేదు. ఇక్కడ ఎమర్జెన్సీ కాలంలో రాసినవాళ్లూ పాడినవాళ్లూ జైలుకు పోయారు. ఆ మూల్యం చెప్పని ముచ్చట సగం ముచ్చటే.

మీ ఇంటి అటక మీద అలాంటి పాటల పుస్తకమో, రాత మాసిన క్యాసెట్టో ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. శ్రీకాకుళంలోని కథానిలయం, హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం పాత తెలుగు పత్రికలను భద్రపరుస్తున్నాయి. ముందు వాళ్లను అడగండి.