మోరిస్ మరలు ఏ దేశానివి?

పాత మోరిస్ మైనర్ కారు ముందు చక్రం విప్పి చూస్తే, చక్రాన్ని మోసే నిలువు పిన్నుకు రెండు చివరలా మరలుంటాయి. అవి బిగింపు కోసం పెట్టినవి కావు. ట్రనియన్ అనే దిమ్మలోని మరలో పిన్ను కూర్చుంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మరలో మర తిరుగుతుంది, కారు బరువూ దాని మీదే. కుడి పక్క మర వాలు ఒకటి, ఎడమ పక్కది దానికి వ్యతిరేకం. గ్రీజు పెట్టడం మరిచిపోతే మర అరిగి, పిన్ను ఊడి, చక్రం పక్కకు ఒరిగిపోతుంది. మైనర్‌ను రూపొందించిన అలెక్ ఇసిగోనిస్ పనితనం మీద ఎంత గౌరవమున్నా, ఈ ఒక్క ఏర్పాటును మెచ్చుకోవడం కష్టం.

మిగతా బోల్టుల సంగతి ఇంకా చిక్కు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండ్ కార్ఖానాల్లోని రకరకాల మరలను సేకరించి, వాటి సగటు తీసి, 55 డిగ్రీల కోణంతో ఒక కొలత ఖాయం చేశాడు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా యంత్రానికి బ్రిటన్ నట్టు ఎక్కక అవస్థపడ్డాక, 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి 60 డిగ్రీల యూనిఫైడ్ మరకు ఒప్పుకున్నాయి. మైనర్ లండన్ ప్రదర్శనలో తొలిసారి కనిపించి అప్పటికి నెలయినా కాలేదు. 1950లలో బ్రిటిష్ కార్లు మెల్లగా కొత్త మరకు మారాయి. అందుకే ఆ కాలపు బండిలో ఏ బోల్టు ఏ పద్ధతిదో తయారీ సంవత్సరాన్ని బట్టి తేల్చలేం.

మోరిస్ ఇంట్లో మరో వింత ఉంది. మొదటి యుద్ధకాలంలో ఫ్రెంచి తుపాకుల కంపెనీ హాచ్‌కిస్ కోవెంట్రీలో కార్ఖానా పెట్టింది. యుద్ధం ముగిశాక అక్కడ మోరిస్ కార్లకు ఇంజన్లు చేసేవారు. 1923లో కంపెనీ అధిపతి విలియం మోరిస్ ఆ కార్ఖానానే కొనేశాడు. యంత్రాలు ఫ్రాన్సువి, కాబట్టి మరలు మెట్రిక్‌లో వచ్చాయి. గిరాకీల దగ్గరున్నవేమో విట్‌వర్త్ స్పానర్లు. బోల్టు తలలను మాత్రం ఆ కొలతకు చేసి పని నడిపించారు. స్పానర్ సరిగ్గా పట్టినంత మాత్రాన మర తెలిసిపోదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

తల మీది గుర్తులు కొంత సాయపడతాయి. అంచున ఒకదాన్నొకటి తాకే చిన్న సున్నాల వరుస ఉంటే యూనిఫైడ్, 8.8 అని ఉంటే మెట్రిక్. తుప్పు తినేసిన సస్పెన్షన్ బోల్టు మీద అవి మిగలడమే అరుదు. అప్పుడు వైర్ బ్రష్‌తో మర శుభ్రం చేసి, వెర్నియర్‌తో బయటి వ్యాసం కొలవాలి. అసలు కొలత కంటే కాస్త తక్కువే చూపిస్తుంది. ఆ తర్వాత పిచ్ గేజి పళ్లు ఆనించి, వెలుతురుకు ఎత్తి సందు చూడాలి. 3/8 అంగుళం బోల్టుకు అంగుళానికి 24 చుట్లుంటే యూఎన్ఎఫ్ (యూనిఫైడ్ సన్నమర), 20 అయితే బీఎస్ఎఫ్ (బ్రిటిష్ సన్నమర). 16 వస్తే విట్‌వర్త్ కావచ్చు, యూఎన్‌సీ (యూనిఫైడ్ ముతకమర) కావచ్చు. తేడా కోణంలోనే ఉంటుంది. అర అంగుళానికి వస్తే విట్‌వర్త్‌కు 12, యూఎన్‌సీకి 13.

మెట్రిక్ నట్టు తప్పుగా ఎక్కిస్తే సాధారణంగా చేతికే తెలుస్తుంది. 5/16 యూఎన్ఎఫ్ బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు కాబట్టి 8 మిల్లీమీటర్ల నట్టు మొదట పట్టినట్టే పట్టి, ఒకటి రెండు చుట్లకే బిగుసుకుంటుంది. స్పానర్ వేసి బలవంతం చేయకపోతే నష్టం లేదు. భయపడాల్సింది సులువుగా తిరిగే నట్టుకే. అర అంగుళం యూఎన్ఎఫ్ చుట్ల మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల సన్నమర బోల్టుది 1.25. గేజికి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. పాత యజమాని ఎవరో అలాంటి జపాన్ బండి బోల్టు తెచ్చి ఇరికించి ఉంటే, అర అంగుళం నట్టు దాని మీద హాయిగా చివరిదాకా నడుస్తుంది. మందంలో 0.7 మిల్లీమీటర్ల తేడా వల్ల మర అంచులే పట్టుకుని ఉంటాయి, టార్క్ పడగానే జారిపోతాయి. అక్కడ పట్టించేది వెర్నియర్ ఒక్కటే.