థెరపీకి డబ్బు కట్టేముందు



మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి మూడు కరపత్రాలు నా చేతిలో పెట్టింది. "అయ్యగారూ, వీటిలో ఏది మంచిదో చెప్పండి. ఒకచోట ఆరు నెలల ఫీజు ముందే కట్టమంటున్నారు. గాజులు తాకట్టు పెడదామనుకుంటున్నాం." బాబుకు నాలుగేళ్లు. ఈమధ్యే ఆటిజం అని తేలింది. సెమినరీలో నేను చదివిన చదువు ఆ నిమిషాన పనికిరాలేదు. చదివి, తెలిసినవారిని అడిగి ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఆటిజం తల్లిదండ్రుల పాపం వల్ల గాని, పెంపకలోపం వల్ల గాని, టీకాల వల్ల గాని రాదు. టీకాల అపోహకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని, ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగిన ప్రశ్నకు యోహాను 9వ అధ్యాయంలో ప్రభువు ఏం చెప్పారో మనకు తెలుసు. అయినా మన గుమ్మాల దగ్గర ఆ ప్రశ్న ఇంకా వినబడుతూనే ఉంది.

అబిడ్స్, నాంపల్లి వారికి రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి దగ్గరే. ముందు పిల్లల డాక్టరుకు చూపించాలి, వినికిడి పరీక్ష తప్పక చేయించాలి. చెవి వినబడక మాటలు రాని పిల్లలూ ఉంటారు. పూర్తి పరీక్షకు సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 1984లో మొదలైన ఆ సంస్థను ఇప్పుడు నీపిడ్ అంటున్నారు. మన దేశంలో ఆటిజం తీవ్రతను కొలిచే ఇసా అనే కొలమానాన్ని తయారు చేసింది వారే. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది గనుక సర్టిఫికెట్ తీసుకోండి. అది ఉంటే నిరామయ పథకం కింద ఏడాదికి 1 లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయవచ్చు. చాలామంది "వికలాంగుడు" అన్న మాటకు భయపడి దీన్ని వదులుకుంటున్నారు.

ఇక థెరపీ. స్పీచ్ థెరపీ అంటే మాటలు పలికించడం ఒక్కటే కాదు. నీళ్లు కావాలని వేలితో చూపడం, బొమ్మ కార్డు అందించడం కూడా అందులోనివే. ఆక్యుపేషనల్ థెరపీ తినడం, బొత్తాలు పెట్టుకోవడం, శబ్దాన్ని తట్టుకోవడం వంటి పనుల్లో తోడ్పడుతుంది. ప్రవర్తన మీద పనిచేసే పద్ధతులు వేరే ఉన్నాయి. "వారానికి 40 గంటలు" అన్న మాట ఎక్కువగా 1987లో అమెరికాలో లొవాస్ ప్రచురించిన ఒక చిన్న అధ్యయనం నుంచి వచ్చింది. అందులో ఆ స్థాయిలో శిక్షణ పొందిన పిల్లలు 19 మందే. అది ప్రతి బిడ్డకూ కొలత కాదు. 2016లో వచ్చిన మరో అధ్యయనంలో గోవా, రావల్పిండిలలో నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు నేర్పారు. అమ్మానాన్నలు బిడ్డతో స్పందించే తీరు మెరుగుపడింది, పిల్లలు తామే చొరవగా పలకరించడం పెరిగింది.

అందుకే సెంటరుకు వెళ్లినప్పుడు నేనైతే ముందుగా ఇది అడుగుతాను: "లోపల నన్ను కూర్చోనిస్తారా? ఇంట్లో నేనేం చేయాలో నేర్పుతారా?" తలుపు మూసి, తల్లిని వరండాలో కూర్చోబెట్టే చోటు నాకు నచ్చదు. థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఆక్యుపేషనల్ థెరపిస్టుల నమోదు వేరు, వారి డిగ్రీ అడగండి. మూడు నెలల్లో బాబు ఏ పని నేర్వాలో కాగితం మీద రాయించండి. కొట్టడం, కట్టేయడం, అన్నం ఆపడం జరిగితే ఆ రోజే మానిపించండి. "పూర్తిగా నయం చేస్తాం" అనేవారికి, ఒంట్లోని లోహాలు తీసేస్తామని మందులెక్కించేవారికి దూరంగా ఉండండి. ఆ మందులతో ప్రాణాలే పోయిన సందర్భాలున్నాయి. ప్రార్థనతో నయమైంది గనుక థెరపీ మానేయమని చెప్పే దైవజనుల మాట కూడా వినకండి. ఇది ఒక కాపరిగా రాస్తున్నాను.

దూరం కూడా చూసుకోవాలి. రోజూ గంటన్నర ట్రాఫిక్‌లో నలిగిన బిడ్డ అక్కడికి చేరేసరికి ఏం నేర్చుకుంటాడు?

ఆ తల్లికి గాజులు తీయవద్దన్నాను. ఫీజు నెలనెలా కట్టించుకునే చోటు వెదుకుదామన్నాను. ఈ గురువారం పరీక్ష కోసం మనోవికాస్ నగర్ వెళ్తున్నారు, మా సంఘంలోని ఒక అక్క తోడు వెళ్తోంది. వచ్చే ఆదివారం నుంచి వెనక వరుస పక్కనున్న స్పీకరు ఆపేస్తున్నాం. బాబు అక్కడే కూర్చుంటాడు.