జిహ్వకో రూపు

"పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి" అన్నారు మన పెద్దలు. రుచి సంగతి అందరికీ తెలిసిందే. జిహ్వకో రూపు కూడా ఉంటుందనీ, దాన్నిబట్టి మనిషిని ఆనవాలు పట్టవచ్చుననీ ఇప్పుడు శాస్త్రజ్ఞులు అంటున్నారు. ఈ విషయం మీద నాకు ఆసక్తి పుట్టింది ఏ ప్రయోగశాలలోనో కాదు, మిర్యాలగూడలో ఒక రేషన్ దుకాణం ముందు.

ఆ రోజు వరుసలో నా ముందు ఒక ముసలమ్మ నిలబడింది. రైసుమిల్లులో ఏళ్ల తరబడి కూలి చేసిన మనిషి. బొటనవేలు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టింది. చూపుడు వేలు పెట్టింది. లాభం లేదు. "నేనెవరినో ఊరంతా ఎరుకే బిడ్డా, ఈ డబ్బకే ఎరుక లేదు" అన్నది. వెనక నుంచి ఒకాయన "ఇగ నాలుక సాపుమంటరేమో అవ్వా!" అన్నాడు. అందరం నవ్వాం. ఇంటికొచ్చి చదివితే, అది ఉత్త నవ్వులాట కాదని తేలింది.

వేలిముద్రకు మన దేశంతో పాత చుట్టరికం ఉంది. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పంద పత్రం మీద చేతి ముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. వేల ముద్రల్లోంచి కావలసినదాన్ని వెతికి తీసే వర్గీకరణ పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లిద్దరి కృషి ఉంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ముద్ర ఒక్కటే ఉంటే సరిపోదు. పోల్చి చూసుకోవడానికి ముందే ఒక ముద్ర దాచి ఉండాలి.

అయితే బస్తాలు మోసే చేతుల్లో, సున్నం సిమెంటు కలిపే చేతుల్లో వేలి గీతలు అరిగిపోతాయి. నాలుకకు ఆ బాధ లేదు. అది నోట్లో భద్రంగా ఉంటుంది. కావాలన్నప్పుడు బయటికి చాపవచ్చు. మామూలుగా దొంగచాటుగా దాని నకలు తీయడం కష్టం.

"నరం లేని నాలుక" అంటాం గాని, నిజానికి దానికి నరాలకేమీ కొదవ లేదు. ఎనిమిది జతల కండరాల ముద్ద అది. దాని కొన కొందరికి గుండ్రంగా, కొందరికి మొనదేలి ఉంటుంది. నడుమ గాడి కొందరికి లోతుగా, కొందరికి కనీకనబడకుండా ఉంటుంది. కొందరి నాలుక మీద ఎండిన చెరువు నేలలాగా పగుళ్లుంటాయి. కొందరి అంచుల మీద పళ్ల నొక్కులు కనబడతాయి. వీటన్నిటి మీదా సన్నని బుడిపెలు పరుచుకొని ఉంటాయి. గరుకుదనాన్నిచ్చే దారపు పోగుల్లాంటివి కొన్ని, ఎర్రని పుట్టగొడుగుల్లాంటివి కొన్ని. నాలుక వెనకభాగాన పెద్ద బుడిపెలు ఎనిమిది నుంచి పన్నెండు దాకా వరుసగా నిలబడి ఉంటాయి.

తడిగా ఉండే నాలుకకు సిరా పూసి కాగితం మీద అద్దలేం. అందుకని ఎదురుగా, రెండు పక్కలా ఫొటోలు తీస్తారు. లేదా పళ్ల డాక్టర్లు దవడ అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్ ముద్దతో నాలుక అచ్చు తీసి, ప్లాస్టరు పోస్తారు. 2007లో హాంకాంగ్ పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుక ఆకారాన్నీ, పైపొర అల్లికనూ కంప్యూటరుతో కొలిచి మనిషిని గుర్తించవచ్చునని ప్రతిపాదించారు. 2023లో ఎడింబరో విశ్వవిద్యాలయం వారు 15 మంది నాలుకల అచ్చుల నుంచి రెండు వేలకు పైగా బుడిపెలను పరిశీలించారు. ఒక్క బుడిపెను చూసి అది ఎవరిదో కంప్యూటరు 48 శాతం సరిగ్గా చెప్పగలిగింది. గుడ్డిగా చెబితే పదిహేనింట ఒకసారి, అంటే ఏడు శాతం లోపే నిజమవుతుంది. ఆ లెక్కన ఇది చిన్న సంగతి కాదు. కాని ఒక మనిషిని జైలుకు పంపడానికి 48 శాతం చాలుతుందా? 15 మందిలో తేలింది కోట్లమందిలో నిలబడుతుందా? సైన్సు విద్యార్థి అడగవలసిన ప్రశ్నలివి.

ఇంకా చిక్కులున్నాయి. సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నెంబరు జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగినా, సాగర్ ఎడమ కాలువలో శవం తేలినా, పేపర్లో "గుర్తు తెలియని వ్యక్తి" అని నాలుగు లైన్లు పడతాయి. ఎక్కడో ఒక తల్లి వాడి కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. అక్కడ నాలుక ఆదుకుంటుందా? చాలాసార్లు ఆదుకోదు. నాలుక మెత్తని మాంసం, తొందరగా చెడిపోతుంది. పళ్లు నిప్పుకు, నీటికి చాలావరకు తట్టుకుంటాయి. పైగా బతికున్నప్పుడు అతని నాలుక అచ్చు ఎవరు తీసి పెట్టారు?

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయినప్పుడు, మసైన దేహాలను డి.ఎన్.ఏ. పరీక్షతోనే బంధువులకు అప్పజెప్పారు. డి.ఎన్.ఏ.కున్న సుగుణమేమిటంటే, పోయిన మనిషి వివరం ముందే దాచి ఉండకపోయినా తల్లిలో, బిడ్డలో దాని పోలిక దొరుకుతుంది. ఆ పరీక్షను 1988లో మన దేశానికి అందించింది హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ బృందమే. నాలుకకు అలా ఇంటివాళ్లలో సాక్ష్యం దొరకదు.

బతికున్నవాళ్లలోనూ నాలుక నిలకడగా ఉండదు. "దేశపటం నాలుక" అనే స్థితిలో దాని మీది మచ్చలు కొన్ని రోజుల్లోనే చోటు మారతాయి. పొగాకు, పాన్, జబ్బులు కూడా రూపు మారుస్తాయి. కాబట్టి నా అభిప్రాయం ఇది: నాలుక నేడు తోడుసాక్షిగా పనికొస్తుంది, ఏకైక సాక్షిగా పనికిరాదు. ఖైదీల కొలతలపై 2022లో వచ్చిన చట్టం వేలి, అరచేతి, అరికాలి ముద్రలను, కనుపాపను పేర్కొన్నది. నాలుకను పేరుపెట్టి చెప్పలేదు. చెప్పే ముందు మన నేలమీద, మన మనుషుల మధ్య, వారి ఇష్టంతో, ఏళ్ల తరబడి అదే నాలుకను మళ్లీ మళ్లీ పరిశీలించాలి. మన కళాశాలల మిత్రులకు, దంతవైద్య విద్యార్థులకు చేతినిండా పని ఉంది.

ఆ ముసలమ్మకు చివరికి కంటి మిషన్ తెచ్చి పెడితే, కనుపాప ఒప్పుకున్నది. బియ్యం సంచి నెత్తిన పెట్టుకొని పోతూ "కన్ను కూడా మసకవడితే ఎట్ల బిడ్డా?" అని నన్ను అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు మాత్రం ఒకటి చెప్పగలను. ఏ ముద్రా ఎల్లకాలం అందరికీ పనిచెయ్యదు. మిషను ఒప్పుకోనప్పుడు "ఈమె మా ఊరి మనిషే" అని పక్కింటివాళ్లు చెప్పే మాటకు కూడా విలువ ఉంచాలి. ఆ మాట చెప్పేదీ నాలుకే కదా!